అప్‌డేట్: మా అపలూసా (మచ్చల జాతి) గుర్రం ఈనింది, పిల్లకు మచ్చలున్నాయి

మా ఆడగుర్రాన్ని మచ్చల మగగుర్రంతో దాటిస్తే పిల్లకు రేచీకటి వస్తుందా అని పోయినేడాది అడిగాను కదా. మీరు చెప్పినట్టే రెండింటికీ జన్యుపరీక్ష చేయించాను. మచ్చలు తెచ్చే ఎల్‌పీ జన్యువు చెరో కాపీ ఉంది. అంటే పిల్లకు రెండు కాపీలూ వచ్చి రేచీకటితో పుట్టే అవకాశం నాలుగో వంతు. ఆ పదకొండు నెలలూ టెన్షనే.

మూడు వారాల క్రితం తెల్లవారుజామున ఈనింది. ఆడపిల్ల! గంటలోపే లేచి నిలబడింది, కాసేపటికే జున్నుపాలు తాగింది. మర్నాడు డాక్టర్ రక్తపరీక్ష చేసి, తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందిందని చెప్పాకే నాకు నిద్రపట్టింది. జన్యుపరీక్షలోనూ ఒక్క కాపీయే అని వచ్చింది. చీకట్లో కూడా తడబడకుండా తల్లి వెనకే తిరుగుతోంది.

నడుం మీద తెల్లదుప్పటి కప్పినట్టుంటుంది, దాని నిండా రూపాయి బిళ్ళలంత నల్లమచ్చలు. చుక్కమ్మ అని పేరు పెట్టాం. మేముండేది తూర్పు వాషింగ్టన్‌లో, ఈ జాతికి పేరొచ్చిన పలూస్ ప్రాంతమే. ఇక్కడ పుట్టిందని నాకెంత సంతోషమో!

స్వారీకి తొందరలేదు. ఇప్పుడు రోజూ పది నిమిషాలు తలకట్టు వేయడం, కాళ్ళెత్తి డెక్కలు తాకడం, అంతే. వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి ఐదారేళ్ళు పడుతుంది, కాబట్టి మూడేళ్ళు నిండేదాకా ఎవరినీ ఎక్కనివ్వను. అపలూసాలకు కళ్ళ వాపు జబ్బు ఎక్కువ, అందుకే ఏటా కంటి పరీక్ష మాత్రం తప్పకుండా చేయిస్తాను.