సరుకు బండ్ల కాలుష్యం తగ్గించాలంటే చిన్న వ్యాపారి ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బేగంబజార్ వ్యాపారి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు బేగంబజారులో పప్పుదినుసుల హోల్‌సేల్ దుకాణం. మెహదీపట్నం మొదలు ఉప్పల్ వరకు ఉన్న కిరాణా దుకాణాలకు సొంత బండ్లలోనే సరుకు వేస్తాము. నాలుగు డీజిల్ ట్రాలీ ఆటోలు, రెండు టాటా ఏస్‌లు ఉన్నాయి. ఆటోల్లో ఒకటి బీఎస్-3 అనే పాత కాలుష్య ప్రమాణం కాలం నాటిది. ఉదయం మా సందులో బండ్లన్నీ ఇంజన్ ఆపకుండా నిలబడితే ఆ పొగను అందరికన్నా ముందు పీల్చేది మూటలెత్తే హమాలీలే. అన్నింటికీ పొల్యూషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి కనుక మనం చేయవలసినదేమీ లేదని మా గుమాస్తా అంటారు గాని, ఆ మాట నాకు సమాధానంగా తోచడం లేదు. అన్నీ అమ్మి ఎలక్ట్రిక్ బండ్లు కొనేంత పెట్టుబడి ఇప్పుడు లేదు. దేనితో మొదలుపెడితే నిజంగా తేడా వస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: డిస్పాచ్ ఉద్యోగి

సర్టిఫికెట్ విషయంలో మీ అనుమానం సరైనదే. ఆ పరీక్షలో డీజిల్ బండిని నిలబెట్టి, బరువు లేకుండా యాక్సిలరేటర్ తొక్కి, పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారే తప్ప పొగలోని హానికర వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. నిండు మూటలతో అఫ్జల్‌గంజ్ రద్దీలో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు అదే బండి ఏం వదులుతుందో ఆ కాగితంలో కనబడదు. నిబంధనకు లోబడినంత మాత్రాన గాలి శుభ్రమైనట్లు కాదు. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి గాలిలో ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటరాదని మన ప్రమాణం చెబుతుండగా, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 5 మాత్రమే.

బండ్లను మార్చే ముందు మీ డిస్పాచ్ పుస్తకం తిరగేయండి. ఒకే ప్రాంతానికి ఒకే రోజు రెండు బండ్లు సగం ఖాళీగా వెళ్ళిన రోజులు తప్పక కనబడతాయి. దీనికి డ్రైవర్లను నిందించి లాభం లేదు. కిరాణా దుకాణదారుకు సరుకు దాచుకునే చోటు ఉండదు, చేతిలో డబ్బు తిరగాలి, కాబట్టి అరబస్తా కోసమైనా ఫోన్ చేస్తారు. మనం వెంటనే వేయకపోతే పక్క హోల్‌సేలర్ వేస్తాడన్న భయం మనకు ఉంటుంది. ప్రాంతానికి వారంలో రెండు రోజులు కేటాయించి, ఆ రోజుల్లో తీసుకున్నవారికి బస్తా మీద కొద్దిగా ధర తగ్గిస్తే చాలామంది సర్దుకుంటారు. అత్యవసరమన్నవారి దగ్గర మాత్రం రవాణా ఖర్చు విడిగా తీసుకోండి. వెళ్ళని ట్రిప్పు నుంచి పొగ రాదు, డీజిల్ ఖర్చూ ఉండదు.

జవాబు: లండన్ తెలుగువాడు

ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను. లండన్‌లో 2019 ఏప్రిల్‌లో నగర మధ్యభాగంలో మొదలై 2023 ఆగస్టు నాటికి నగరమంతటికీ విస్తరించిన అల్ట్రా లో ఎమిషన్ జోన్ (పొగ ఎక్కువ వదిలే బండ్లపై రుసుము వేసే ప్రాంతం) నిబంధన ప్రకారం, యూరో 6 అనే ఐరోపా కాలుష్య ప్రమాణానికి అందని డీజిల్ వ్యాన్ రోడ్డెక్కిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు కట్టాలి. ఆ భారం పడ్డాకే చాలామంది వ్యాపారులు సలహాలు వినడానికి ముందుకు వచ్చారని నా అభిప్రాయం. సలహా చెప్పే యంత్రాంగం మాత్రం అంతకు ముందే ఉంది. హ్యాక్నీ, ఇస్లింగ్టన్, టవర్ హామ్లెట్స్ స్థానిక మండళ్ళు కలిసి నడిపిన జీరో ఎమిషన్స్ నెట్‌వర్క్ చిన్న దుకాణాలకు సలహాలతో పాటు సరుకు సైకిళ్ళు వాడి చూసే అవకాశం కూడా కల్పించింది. రీజెంట్ స్ట్రీట్ దుకాణాల సరుకును ఊరి అంచున ఒక గోదాములో కలిపి, ఒకే బండిలో పంపే ఏర్పాటు కూడా జరిగింది.

ఇందులో మీకు పనికొచ్చేది ఆ కలిపి పంపడమే. మీ పక్కన మసాలాల దుకాణం, ఎదుట నూనెల దుకాణం పంపేది కూడా అదే కిరాణా దుకాణాలకే కదా! ఇక సరుకు సైకిళ్ళంటారా, లండన్ ఇప్పుడు వాటిని కొత్తగా తెచ్చుకుంటోంది గాని బేగంబజారు తన రిక్షా బండ్లను ఎన్నడూ పూర్తిగా వదిలిపెట్టలేదు. గౌలిగూడ, ఉస్మాన్‌గంజ్ వంటి దగ్గరి చోట్లకు ఆటో ఎందుకో ఆలోచించండి.

జవాబు: కూకట్‌పల్లి పంపిణీదారు

నేను ఒక ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో నడిపిస్తున్నాను. వీటిలో చాలా రకాలు సుమారు అర టన్ను మోస్తాయి కనుక, పప్పు బస్తాలను డ్రైవర్ అలవాటు ప్రకారం ఎక్కువగా వేస్తే ఛార్జి త్వరగా పడిపోతుంది. అందుచేత అన్నిటికంటే దూరం తిరిగే బండిని కాక, దగ్గరలోనే ఎక్కువ చోట్ల ఆగే బండిని ముందు మార్చండి. ఆగి కదిలే దారిలో డీజిల్ బండి ఎంత నష్టమో ఎలక్ట్రిక్ బండి అంత లాభం. తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన విధానం ప్రకారం ఈ తరహా బండ్లకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఉంది. కొనే ముందు మీ దుకాణం కరెంటు కనెక్షన్ లోడ్ ఛార్జింగ్‌కు సరిపోతుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత బజారు భవనాల్లో అసలు చిక్కు అక్కడే వస్తుంది.

టైర్లు, బ్రేకుల అరుగుదల నుంచి వచ్చే ధూళి, రోడ్డు మీది దుమ్ము ఎలక్ట్రిక్ బండికీ తప్పవు. ట్రిప్పులు తగ్గించమన్న పై సలహాను అందుకే వదులుకోకండి.

బీఎస్-3 ఆటోను మాత్రం తక్కువ ధరకు ఇంకొకరికి అమ్మకండి, పొగ మరో వీధికి మారుతుందంతే. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి బండిని తుక్కుకు అప్పగించినట్లు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నూనెల దుకాణం వారితో మాట్లాడాను. కలిపి పంపడానికి అభ్యంతరం లేదు గాని, దారిలో డబ్బా కారి పప్పు బస్తా పాడైతే నష్టం ఎవరిదని అడిగారు.

జవాబు: డిస్పాచ్ ఉద్యోగి

న్యాయమైన ప్రశ్న. నూనె డబ్బాలను కింద విడిగా, బస్తాలను చెక్క పలకల మీద పెట్టించండి. ఎక్కించేటప్పుడు ఇద్దరి గుమాస్తాలూ ఒకే చలానా మీద సంతకం చేయాలి. ఆ తరువాత జరిగిన నష్టాన్ని బండి యజమాని భరించి, అందుకు తగినట్లు కిరాయిలో వాటా కొంచెం ఎక్కువ తీసుకోవచ్చు. ముందు ఉప్పల్ వైపు ఒక్క రూటులో నెల రోజులు నడిపి చూడండి.