థైరాయిడ్ మాత్ర 75కు పెంచినా టీఎస్‌హెచ్ దిగడం లేదు. 100 మొదలుపెట్టాలా, ఆగాలా?

ప్రశ్న: బొబ్బిలి టీచరు

అందరికీ నమస్కారం. నేను బొబ్బిలిలో ఉంటూ రామభద్రపురం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. వయసు 41, బరువు 64 కిలోలు. నిరుడు చలికాలంలో గొంతు బొంగురుపోయి, పిక్కలు పట్టేసి, పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకుంటూ ఉండగా నాకు కుర్చీలోనే తూగు వచ్చే స్థితి ఏర్పడడంతో రక్తపరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ సరిపోనప్పుడు పెరిగే హార్మోన్) 18 వచ్చింది, యాంటీ టీపీఓ (థైరాయిడ్ గ్రంథికి ఎదురుతిరిగే యాంటీబాడీలు) కూడా బాగా ఎక్కువగా ఉంది. హషిమోటో రకం థైరాయిడ్ లోపమని చెప్పి లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. టీఎస్‌హెచ్ 9 దాకా దిగి అక్కడే నిలిచిపోవడంతో మోతాదును 75 చేశారు. అయినా నీరసం వదలకపోయేసరికి నెల నిండకుండానే మరో ల్యాబులో పరీక్ష చేయించుకున్నాను, 7.8 వచ్చింది. ఆ రిపోర్టు చూసి ఇక్కడి డాక్టరు గారు 100 రాశారు. సీసా కొన్నాను గాని, ఈ మధ్య మెట్లెక్కితే గుండె దడగా ఉంటున్నందున ఇంకా మూత తీయలేదు.

నా ఉదయం ఎలా గడుస్తుందో కూడా చెబుతాను. తెల్లవారుజామున లేవగానే మాత్ర వేసుకుని, వంట కానిస్తూ ఒక గ్లాసు టీ తాగుతాను. కాసేపటికి చోడి (రాగి) అంబలి, దానితోపాటే నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నందుకు రాసిన ఐరన్ మాత్ర. ఏడింటి బస్సు అందుకోవాలి కాబట్టి ఇదంతా గంటలోపే ముగిసిపోతుంది.

మరో దిగులు కూడా ఉంది. ఇటీవలి పరీక్షలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.2 వచ్చింది. నా పుట్టిల్లు కవిటి మండలం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ అంకె చూశాక రాత్రి ఎలా నిద్రపడుతుందో మీకు చెప్పనక్కరలేదు. వీటికి తోడు క్యాబేజీ మానమని ఒకరు, గంటెలు (సజ్జలు) మానమని మరొకరు, నౌపడ కల్లుప్పు వాడినందువల్లే ఇది వచ్చిందని ఇంకొకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: నరసన్నపేట ఫార్మసిస్టు

టీచరు గారికి నమస్కారం. మోతాదు నిర్ణయించవలసింది మీ డాక్టరు గారే. అయితే మీరు ఇక్కడ రాసిన ఉదయపు దినచర్యను ఆయనకు చెప్పారో లేదో తెలియదు. చెప్పకపోతే ముందు అది చెప్పండి. మీరు 75 మింగుతున్నారు గాని ఆ 75 మొత్తం ఒంటికి పట్టడం లేదనే నా అనుమానం.

ఈ మందు చిన్నపేగులో ఇంకుతుంది. పరగడుపున నీళ్లతో వేసుకున్నప్పుడు కూడా మొత్తం ఇంకదు, సుమారు 60 నుంచి 80 శాతం వరకే రక్తంలోకి చేరుతుంది. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కు తాగే అల్యూమినియం మందులు పేగులోనే దీన్ని పట్టుకుని, ఇంకకుండా చేసి బయటకు పంపేస్తాయి. అందుకే ఐరన్ మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలని చెబుతారు. టీ, కాఫీలకు అరగంట నుంచి గంట ఆగాలి. చోళ్లలో కాల్షియమూ పీచూ రెండూ ఎక్కువే కాబట్టి అంబలిని ఆ గంట దాటాకే తాగడం మంచిది. అంబలి మానమని చెప్పడం లేదు, నాకు కూడా అది లేనిదే వేసవి గడవదు. మీ ఐరన్ మాత్రను మధ్యాహ్నం బడిలో వేసుకోవచ్చు. దాన్ని టీతో కలిపితే ఐరన్ కూడా సరిగా ఇంకదు, అందువల్ల అక్కడ కూడా టీ దూరంగానే ఉండాలి.

ఉదయం అంత వ్యవధి దొరకదనుకుంటే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకునే పద్ధతి కూడా ఉంది. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ ఉండాలి, ఒక వారం పొద్దున, మరో వారం రాత్రి అంటే మళ్లీ లెక్క తప్పుతుంది.

ఇక అసలు సంగతి. పూర్తి లోపం ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమని ఒక అంచనా ఉంది. ఆ లెక్కన మీ బరువుకు 100 దగ్గరకు వస్తుంది, కాబట్టి డాక్టరు గారు రాసినది విపరీతమైన మోతాదేమీ కాదు. కానీ మీ గ్రంథి కొంత పనిచేస్తూ ఉండవచ్చు, అప్పుడు అంత అక్కరలేకపోవచ్చు. వేసుకునే పద్ధతి దిద్దుకోవడం, మోతాదు పెంచడం రెండూ ఒకే రోజున మొదలుపెడితే, ఇన్నాళ్లూ వృథాగా పోయినది కూడా ఒంటికి చేరి అవసరానికి మించిపోయే అవకాశం ఉంది. అలా ఎక్కువైతే దడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడడం వంటివి కూడా రావచ్చు. పైగా ఇప్పటి మీ దడకు రక్తహీనత కూడా కారణం కావచ్చు కనుక హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూపించుకోండి. డాక్టరు గారిని ఒకే ప్రశ్న అడగండి: “పద్ధతి మార్చి 75 మీదే ఆరు వారాలు ఆగి చూడవచ్చా?” ఆయన వద్దంటే ఆయన మాటే వినండి.

మాత్రలను వంటింటి అలమరలోనో కిటికీ గట్టు మీదనో ఉంచకండి, వేడికీ తేమకూ ఈ మందు బలం తగ్గిపోతుంది. సీసాలోంచి తీసి వారానికి సరిపడా డబ్బాలో పోసుకునే అలవాటు సముద్రపు గాలి తగిలే మా ఊళ్లలో అస్సలు మంచిది కాదు.

జవాబు: విజయనగరం, విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్

పై జవాబుతో ఏకీభవిస్తూ పరీక్ష గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇటువంటి సందర్భాల్లో తొందరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందువల్ల మోతాదు మార్చిన తర్వాత కొత్త స్థాయి నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఆ స్థాయిని గమనించి టీఎస్‌హెచ్‌ను తగ్గించుకోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. నెల నిండకుండా తీసిన మీ 7.8 అనేది దిగుతూ ఉన్న నీటిమట్టాన్ని మధ్యలో కొలిచినట్టు. అది తప్పుడు అంకె కాదు, కానీ దాని మీద మరో మోతాదు నిర్ణయించడం తొందరపాటే. మార్పు తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు చూడడం సాధారణ పద్ధతి. గర్భిణులకు మాత్రం ఈ నియమం వర్తించదు, వారికి నాలుగు వారాలకొకసారి చూస్తారు.

టీఎస్‌హెచ్ స్వభావం గురించి కూడా కొంచెం చెప్పాలి. రక్తంలో థైరాక్సిన్ కొద్దిగా మారినా టీఎస్‌హెచ్ చాలా పెద్దగా మారుతుంది. కాబట్టి 9 నుంచి 7.8కి దిగిందా, మళ్లీ 8.2కి పెరిగిందా అని కంగారు పడవలసిన పని లేదు. అంతమాత్రం తేడా ల్యాబు మారినా వస్తుంది, రక్తం తీసిన వేళ మారినా వస్తుంది. తెల్లవారుజామున అది ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఉదయం దాదాపు ఒకే వేళకు, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) తాత్కాలికంగా పెరుగుతుంది, దాన్ని చూసి మందు ఎక్కువైందనుకునే ప్రమాదం ఉంది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఎక్కువ మోతాదు అయితే ఇంకా ముందే ఆపాలి. చాలా యంత్రాల పరీక్షా విధానంలోనే బయోటిన్ భాగం కాబట్టి, రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగానూ, ఫ్రీ టీ4 ఎక్కువగానూ కనిపిస్తాయి. మందు సరిపోని మనిషికి కూడా సరిపోయినట్టు రిపోర్టు వస్తుంది. ఇది రోగికీ డాక్టరుకూ ఇద్దరికీ తెలియకుండా జరిగిపోతుంది.

యాంటీ టీపీఓను ప్రతిసారీ చేయించి డబ్బు ఖర్చు పెట్టుకోకండి. ఒకసారి ఉన్నదని తేలిన తర్వాత ఆ అంకె పెరిగినా తగ్గినా మాత్ర మోతాదు దానివల్ల మారదు.

జవాబు: కవిటి రైతు

మా మండలపు ఆడపడుచు కాబట్టి అక్కా అనే పిలుస్తాను. క్రియాటినిన్ గురించి మాకు కిడ్నీ డాక్టరు గారు చెప్పిన సంగతి రాస్తున్నాను. థైరాయిడ్ లోపం ఉన్నప్పుడు గుండె పంపే రక్తం తగ్గి, దానితోపాటు కిడ్నీల వడపోత కూడా మందగిస్తుందట. అందువల్ల కిడ్నీలో ఏ జబ్బూ లేకపోయినా క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు. మందు సరిపడా అందిన తర్వాత అది చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. అంచేత 1.2 చూసి ఇప్పుడే మనసు పాడుచేసుకోవద్దు అక్కా.

అలాగని ఉద్దానంలో పుట్టినవాళ్లం తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. మన దగ్గర వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, ఒళ్లు వాపు రాదు, చాలాకాలం బయటపడదు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకుండా, టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చాక క్రియాటినిన్ మళ్లీ చేయించి చూసుకోవాలి. అప్పటికీ దిగకపోతే కిడ్నీ డాక్టరును కలవండి. ఈలోగా పిక్కల నొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కోవద్దు. థైరాయిడ్ లోపంవల్ల వచ్చిన కండరాల పట్లు థైరాయిడ్ మాత్రతోనే తగ్గుతాయి, నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు చేస్తాయి.

మా ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లే పెద్దాయనకు థైరాయిడ్ కూడా ఉంది. ఫాస్ఫరస్ తగ్గడానికి భోజనంతో వేసుకునే మాత్రలు కూడా ఈ మందును ఇంకనివ్వవని చెప్పి, ఆయనకు థైరాయిడ్ మాత్రను తెల్లవారకముందే వేయిస్తున్నారు. ఇలాంటివారు ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాశాను.

జవాబు: రాజాం గృహిణి

అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఈ మాత్ర వేసుకుంటున్నాను. తిండి గురించి నువ్వు అడిగినదానికే చెబుతాను.

క్యాబేజీ, ముల్లంగి, ఆవ వంటివి ఉడికించి మామూలుగా తినేంతవరకు ఏ ఇబ్బందీ లేదు. గంటెల్లో థైరాయిడ్‌ను అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజమే గాని, అయొడిన్ అందని చోట మూడు పూటలా అవే ప్రధాన ఆహారమైనవారికి సంబంధించిన సంగతి అది. ఎప్పుడో ఒకసారి గంటె రొట్టె తిన్నంత మాత్రాన నీ టీఎస్‌హెచ్ మారదు.

ఉప్పు సంగతి వేరు. మన దేశంలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) నియంత్రణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. తినే ఉప్పులో అయొడిన్ తప్పనిసరి అన్న నిబంధన 2006 నుంచి మళ్లీ అమలులోకి వచ్చింది. నౌపడ ఉప్పు అయినా మరొకటి అయినా అయొడిన్ కలిపిన ప్యాకెట్టు కొనుక్కుంటే సరిపోతుంది, విడిగా కొలిచి అమ్మే కల్లుప్పును ఊరగాయలకు మాత్రమే వాడుకో. కానీ నీకు వచ్చినది ఒంటిలోని రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీయడంవల్ల వచ్చిన జబ్బు కాబట్టి ఉప్పును నిందించి లాభం లేదు, అయొడిన్ ఎక్కువ తీసుకున్నా నయం కాదు. సముద్రపు నాచుతో చేసిన మాత్రలని ఎవరైనా అంటగడితే తీసుకోకు, ఈ జబ్బులో అతిగా అయొడిన్ తీసుకుంటే లోపం పెరగవచ్చు.

ఇంకొక్క మాట. అంకె బాగుపడిన రోజే ఒళ్లు బాగుపడదు. ముందు మలబద్ధకం, చలి తగ్గుతాయి, తర్వాత నిద్రమత్తు వదులుతుంది, చర్మం, జుట్టు నెలల మీద గాని తేరుకోవు. బరువు మాత్రం మనం ఆశించినంత తగ్గదు. థైరాయిడ్‌వల్ల పెరిగేది కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంటిలో నిలిచిన నీరూ ఉప్పూనే. మిగతాది మన తిండీ నడకా చూసుకోవలసిందే.

తిరిగి: బొబ్బిలి టీచరు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారికి టీ, అంబలి, ఐరన్ సంగతి అంతా చెప్పాను. ఆయన ఈసీజీ తీయించి, హిమోగ్లోబిన్ 9.4 ఉండడం చూసి, దడకు ముందు దాన్నే సరిచేయాలన్నారు. థైరాయిడ్ మాత్రను 75 మీదే ఉంచి రాత్రి వేళకు మార్చారు, ఐరన్ మాత్రను మధ్యాహ్నానికి జరిపారు. ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, క్రియాటినిన్ ఒకేసారి చేయించమన్నారు. ఒకటే సందేహం మిగిలింది. ఎప్పుడైనా రాత్రి నిద్రపట్టేసి మాత్ర మరిచిపోతే ఏం చేయాలి? కొన్న 100 సీసాను ఏం చేయాలి?

జవాబు: నరసన్నపేట ఫార్మసిస్టు

ఉదయం లేవగానే గుర్తొస్తే అప్పుడే పరగడుపున వేసుకుని గంట ఆగండి, ఆ రాత్రి మాత్ర మామూలుగానే వేసుకోవచ్చు. ఈ మందు ఒంట్లో వారం పాటు నిలిచేది కాబట్టి ఒక్క మాత్ర తప్పినందుకు ఏమీ కాదు. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం ఇలా ఒకే రోజు రెండు వేసుకునేముందు డాక్టరును అడగాలి. 100 సీసా మూత తీయలేదన్నారు కదా, బిల్లుతో సహా కొన్న దుకాణానికే తీసుకెళ్లి అడగండి, తీసుకుంటే తీసుకుంటారు. తీసుకోకపోతే దాని మీద పెద్ద అక్షరాలతో 100 అని రాసి, 75 సీసా ఉండే చోట కాకుండా వేరే గదిలో పెట్టండి. నిద్రమత్తులో చేతికి ఏ సీసా వస్తుందో చెప్పలేం.