సోవియట్ కార్మికుడు నిజంగా పని ఎగ్గొట్టేవాడా?

షిఫ్ట్_బి: "వాళ్లు జీతమిచ్చినట్టు నటిస్తారు, మేం పని చేసినట్టు నటిస్తాం" అన్న జోకునే జనం చరిత్రగా చెప్పుకుంటున్నారు. 1960ల మొదట్లో లెనిన్‌గ్రాడ్‌లో యాదోవ్, జ్ద్రవోమిస్లోవ్ అనే సోషియాలజిస్టులు 2,665 మంది యువ కార్మికులను అడిగి చూశారు. తృప్తి జీతం కన్నా ఎక్కువగా ఆ పనిలో బుర్ర వాడే వీలెంత అన్నదాన్ని బట్టే ఉందని తేలింది. నైపుణ్యం అక్కర్లేని చాకిరీ చేసేవాళ్లే అందరికన్నా అసంతృప్తిగా ఉన్నారు.

కృష్ణాతీరం: పార్టీ రాజ్యంలో సర్వే! "జీతం చాలట్లేదు" అని ఎవడంటాడండీ?

షిఫ్ట్_బి: భయమే అయితే అందరూ బాగుందనే అనాలి కదా. బాలేదన్నవాళ్ల సంగతి పైనే రాశాను.

కృష్ణాతీరం: ఒక్క ఊరు, 2,665 మంది, అదీ కుర్రాళ్లు. దేశం మొత్తానికి ఇదే లెక్కా?

నిమ్మసోడా: ఈ 2,665 మీదే ఇంకో పేజీ నడిచేట్టుంది.

పాతపుస్తకాలు: సర్వే వద్దంటే బురవోయ్ ఉన్నాడు. అమెరికాలో సోషియాలజీ పాఠాలు చెప్పిన మనిషి, 1985లో, అప్పట్లో సోవియట్ కూటమిలో ఉన్న హంగరీ వెళ్లి మిష్కోల్ట్స్ ఊళ్లోని లెనిన్ ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. ముడిసరుకు సరిగా రాకపోయినా ఉక్కు తయారయ్యేదంటే కార్మికులు అప్పటికప్పుడు ఏదో ఉపాయం చేయడం వల్లేనని, పైవాళ్ల అజమాయిషీ దానికి అడ్డమని అంటాడు. ప్రధాని వస్తున్నాడని యంత్రాలకు రంగులేయించిన ఘట్టం తప్పక చదవాలి.

కృష్ణాతీరం: ప్రొఫెసరు నాలుగు రోజులు చేసి వెళ్లిపోతాడు. హంగరీ రచయిత హరస్తిని వదిలేశారేం? తను పనిచేసిన బుడాపెస్ట్ ట్రాక్టర్ ఫ్యాక్టరీ గురించి ఉన్నది రాసినందుకు కోర్టుకీడ్చారు.

షిఫ్ట్_బి: నేననేదీ అదే! పీస్‌రేటు, అంటే చేసిన వస్తువుల లెక్కన ఇచ్చే కూలి, గిట్టక, రూల్స్ పక్కనబెట్టి, రెండు మిల్లింగ్ మెషీన్లు ఒక్కడే నడిపినవాడు సోమరి ఎలా అయ్యాడు?

కృష్ణాతీరం: మా మావయ్య ఇక్కడే ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో మేనేజరు. హాజరు వేయించుకుని టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లతో వేగలేక బీపీ తెచ్చుకున్నాడు. నాకు పాఠాలొద్దు.

షిఫ్ట్_బి: మా నాన్న అలాంటి ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. స్పేర్లు రాక మెషీన్ ఆగితే, ఖాళీగా ఉన్నాడని మెమో ఇచ్చింది మీ మావయ్యలాంటి వాళ్లే.

నిమ్మసోడా: అమ్మయ్య, అసలు గొడవ బయటపడింది.

కృష్ణాతీరం: ఆ స్పేర్లకు ఇండెంట్ పెట్టి, హెడ్డాఫీసు చుట్టూ తిరిగిందెవరు? మేనేజర్ల గోడు ఏ సోషియాలజిస్టు విన్నాడు?

పాతపుస్తకాలు: ఆర్థికవేత్త బెర్లినర్ విన్నాడు. సోవియట్ వదిలి వచ్చేసిన మేనేజర్లను అడిగి 1957లో పుస్తకమే రాశాడు. సరుకు తెప్పించడానికి పైరవీకారులను పెట్టుకునేవారట, తోల్కాచ్‌లని.

షిఫ్ట్_బి: దేశం వదిలి పోయినవాళ్ల మాటా? వాళ్లు తిట్టక ఏం చేస్తారు?

కృష్ణాతీరం: మీ 2,665 మంది పొగిడినట్టే.