యూవీబీ సోకాక లాంగర్‌హాన్స్ కణాలు వలస పోయాయా, చనిపోయాయా?

శస్త్రచికిత్సల్లో తొలగించిన ఉదర చర్మాన్ని, దాతల సమ్మతితో, 37 డిగ్రీల వద్ద కల్చర్‌లో ఉంచి దానిపై యూవీబీ (సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ప్రభావాన్ని పరిశీలిస్తున్నాను. దీపం 280–320 నానోమీటర్ల పరిధిలోది. అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యమున్న యూవీసీ చేరకుండా సెల్యులోజ్ ట్రైఅసిటేట్ ఫిల్టర్ వాడుతున్నాను. మోతాదు చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీజౌళ్లు. 48 గంటల తర్వాత బాహ్యచర్మాన్ని పొరగా వేరుచేసి లాంగర్‌హాన్స్ కణాలను (బాహ్యచర్మంలోని రోగనిరోధక కణాలు) గుర్తించే సీడీ1ఏ యాంటీబాడీతో చూస్తే అవి స్పష్టంగా తగ్గి కనిపిస్తున్నాయి.

అయితే కాంతి సోకని కంట్రోల్ ముక్కల నుంచి కూడా ఈ కణాలు తమంతట తామే అడుగునున్న ద్రవంలోకి దిగిపోతున్నందువల్ల, ఆ తగ్గుదలలో యూవీబీ వాటా ఎంతో తేలడం లేదు. ఈ కణాలకు గుర్తుగా వాడే మరో ప్రోటీన్ లాంగెరిన్‌తోనూ పరీక్షించాను, ఫలితం అదే, కానీ కణం పరిపక్వమయ్యేకొద్దీ లాంగెరిన్ కూడా తగ్గుతుంది కనుక దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. 24 గంటలకు, కణం చనిపోతోందని సూచించే క్రియాశీల కాస్పేజ్-3 ఎంజైమ్ కోసం చూస్తే దాదాపుగా కెరటినోసైట్లే (బాహ్యచర్మంలో అత్యధికంగా ఉండే కణాలు) కనిపించాయి, చనిపోయిన లాంగర్‌హాన్స్ కణాలను పక్క కణాలు అప్పటికే మింగేసి ఉండవచ్చు. ద్రవంలోకి వచ్చిన కణాలను ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పద్ధతి) పరీక్షిస్తే కొన్నింటి డీఎన్‌ఏలో థైమిన్ డైమర్లు (యూవీ వల్ల కలిగే నష్టానికి గుర్తులు) ఉన్నాయి, అంటే దెబ్బతిన్నవి కొన్నైనా ప్రాణంతో బయటికి వస్తున్నాయి. మిగతావి ఏమయ్యాయన్నదే అసలు చిక్కు. బతికున్న మనిషి చర్మంలో ఈ తగ్గుదలకు వలసే ప్రధాన కారణమని పరిశోధనా పత్రాల్లో చదివాను గానీ, లింఫు ప్రవాహమే లేని కోసిన చర్మానికి దాన్ని యథాతథంగా వర్తింపజేయడం నాకు సబబుగా తోచడం లేదు.

కోసిన చర్మంలో తనంతట జరిగే వలసను అదుపుచేసి, యూవీబీ వల్ల చనిపోయిన లాంగర్‌హాన్స్ కణాలను వలసపోయిన వాటి నుంచి విడిగా లెక్కించడానికి మీ అనుభవంలో నమ్మదగిన పద్ధతి ఏది?