ఏటవాలు స్థలంలో పాత జియోథర్మల్ హీట్ పంప్: మెషిన్ మారిస్తే చాలా, లూప్ కూడా కొత్తగా వేయించాలా?

వాలుమీదిల్లు:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది భూమిలోని పైపుల్లో తిరిగే నీళ్ల ద్వారా నేల వేడిని లాగి ఇంటికి ఇచ్చే జియోథర్మల్ హీట్ పంప్. మా ఇల్లు వాలు పైభాగంలో ఉంది. వెనక తలుపు తీస్తే స్థలం జర్రున కిందికి దిగిపోతుంది. ఇంటి నేలకంటే సుమారు 9 మీటర్లు దిగాక చదునైన ముక్క వస్తుంది. భూమిలో అడ్డంగా పరిచిన పైపుల లూప్ మొత్తం అక్కడే ఉంది. అక్కడినుంచి రెండు పైపులు వాలు ఎక్కి బేస్‌మెంట్‌లోకి వస్తాయి. మెషిన్ 4 టన్నులది (బరువు కాదు, సామర్థ్యం), ఇల్లు మాకు అమ్మినవాళ్లు 2003లో పెట్టించారు. మెషిన్ లోపల వేడిని మోసే గ్యాస్ ఆర్-22.

ఈ చలికాలం ఇల్లు సరిగా వేడెక్కడం లేదు. తోడుగా ఉన్న కరెంటు హీటర్ మాటిమాటికీ ఆన్ అవుతోంది, బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటోంది. మెకానిక్ వచ్చి, గాలి వెళ్లే కాయిల్‌లో లీక్ ఉంది, గ్యాస్ తగ్గిపోయింది, కంప్రెసర్ చప్పుడు కూడా బాగాలేదు అన్నాడు. ఇంతవరకు నాకు పేచీ లేదు. మెషిన్ వయసు అయిపోయింది.

కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన కాంట్రాక్టర్ మాత్రం లూప్ కూడా పోయినట్టే అంటున్నాడు. పైపులు ఇరవై ఏళ్లు దాటాయట. వేసవిలో లూప్ ప్రెషర్ పడిపోతోంది కాబట్టి ఎక్కడో లీక్ ఉందట. పైగా నీళ్లను 9 మీటర్లు పైకి ఎక్కించలేక పంపు నీరసించిందట. అందుకని 5 టన్నుల కొత్త మెషిన్, ఇంటి పక్కన కొత్తగా నిలువు బోర్లు వేయమంటున్నాడు. బోర్ల ఖర్చే మెషిన్‌ను మించిపోయింది. రిగ్గు నిలబడాలంటే వాలు కొంత కోసి చదును చేయాలి, కింద అడ్డుగోడ కట్టాలి, చెట్లు కొట్టాలి. ఆ చెట్ల వేళ్లే అక్కడి మట్టిని పట్టుకుని ఉన్నాయి. నాకు అసలు టెన్షన్ అదే.

ప్రెషర్ తగ్గేమాట నిజమే. చలికాలంలో 2 బార్ ఉండేది ఎండాకాలానికి 1.3కి దిగుతుంది, చలి మొదలయ్యాక మళ్లీ పైకి వస్తుంది. మేం నీళ్లేమీ కలపలేదు. ఏం చేయమంటారు?

పైపులమేస్త్రీ:

ఆఖరి పేరాలో సగం జవాబు మీరే రాసేశారు. కారిపోయిన నీళ్లు చలికాలంలో వెనక్కి రావు కదా! ఆ పైపులు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌వి అయితే ఎండాకాలం వేడికి కాస్త సాగుతాయి, ప్రెషర్ తగ్గుతుంది. చలికి ముడుచుకుంటాయి, ప్రెషర్ పెరుగుతుంది. ఏటా ఇలా దిగి ఎక్కుతుంటే అది లీక్ కాదు. లీక్ అయితే ఒకటే దారి, కిందికే.

పంపు నీరసం కథ అయితే మరీ అన్యాయం. అది మూసి ఉన్న లూప్. ఒక పైపులో పైకి ఎక్కే నీళ్ల బరువును పక్క పైపులో దిగే నీళ్ల బరువు సరిచేస్తుంది, గిలకమీద రెండు సమాన బకెట్లలాగ. పంపు భరించేది పైపు లోపలి రాపిడిని మాత్రమే. వాలువల్ల వచ్చే తేడా ఒక్కటే. 10 మీటర్ల లోతుకు సుమారు 1 బార్ చొప్పున కింద ప్రెషర్ ఎక్కువ ఉంటుంది. బేస్‌మెంట్‌లో 2 బార్ చూపిస్తే కింద 2.9 ఉంటుంది. ఆ పైపుకు అదొక లెక్క కాదు.

వయసు మాటకొస్తే, లోపలి మెషిన్‌కు 20-25 ఏళ్లు అంటే నిండు జీవితం. వేడితో కరిగించి అతికిన హెచ్‌డీపీఈ లూప్‌కు 50 ఏళ్లు పైమాటే. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

నా మాట ఒక్కటే: కొలవకుండా కొండను ముట్టుకోవద్దు. మెషిన్ కుంటుతూనైనా నడుస్తోంది కాబట్టి ఇప్పుడే కొలవాలి, పూర్తిగా ఆగిపోతే ఈ అవకాశం ఉండదు. మెషిన్ దగ్గర లూప్ పైపులు రెండింటికీ చిన్న మూతలతో పి-టి పోర్టులు ఉంటాయి. సూదిలాంటి గేజ్ గుచ్చి లోపలికి వచ్చేచోట, బయటికి వెళ్లేచోట ప్రెషర్, టెంపరేచర్ చూడాలి. రెండుచోట్లా అదే గేజ్, అదే థర్మామీటర్ వాడండి. వేర్వేరువి వాడితే వాటి మధ్య తేడానే మీకు కొలతగా కనిపిస్తుంది. వేన్నీళ్ల ట్యాంకుకు వేడినిచ్చే లైన్ ఉంటే ఆ కాసేపు ఆపేయండి, కరెంటు హీటర్ కూడా. ప్రెషర్ తేడాను మెషిన్ మాన్యువల్‌లోని పట్టికలో చూస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో తెలుస్తుంది. 4 టన్నులకు 40-45 లీటర్లు ఉండాలి.

పారుదల బాగుండి టెంపరేచర్ తేడా బాగా తక్కువుంటే మెషిన్ వేడిని లాగడం లేదని అర్థం. పారుదల తగ్గి తేడా ఎక్కువుంటే పంపు, గాలి బుడగలు, మూసుకుపోయిన ఫిల్టర్ వైపు చూడాలి. లోపలికి వచ్చే నీళ్లే మరీ చల్లగా ఉంటేనే లూప్‌ను అనుమానించాలి.

వాననీరు:

మేస్త్రీ గారు చెప్పింది అక్షరాలా నిజం. వాలు గురించి నా అనుభవం కలుపుతాను. మాకు లూప్ నిజంగానే కొత్తగా వేయాల్సి వచ్చింది. బోర్ల నుంచి ఇంటికి పైపుల కోసం కాలువను వాలు వెంబడి సూటిగా పైనుంచి కిందికి తవ్వేశారు. పూడ్చిన మట్టి ఎంత దిమ్మిస చేసినా పక్క నేలంత గట్టిపడదు. గట్టి వాన పడగానే నీళ్లన్నీ అదే దారి పట్టాయి, పైపు బయటపడింది. తర్వాత వచ్చినాయన మధ్యమధ్యలో బంకమన్నుతో అడ్డుకట్టలు వేసి, పైన నీళ్లు పక్కకు మళ్లేలా గాడి తీశాడు. ఎప్పుడైనా తవ్వించాల్సి వస్తే వీలైనంత వాలుకు అడ్డంగా తీయించండి. వాలుమీద పైపుకు మధ్యలో అతుకు లేకుండా చూసుకోండి, మట్టి జారితే ముందు దెబ్బ తినేది అతుకే.

రిగ్గు సంగతి కూడా. అది టన్నుల బరువు, చదును లేనిదే నిలబడదు. బోరు వేసేటప్పుడు వచ్చే బురద నీళ్లు ఎటు పోతాయో ముందే అడగండి. మాది కింద పొరుగింటి వాకిట్లోకి చేరింది. ఆ ముచ్చట వద్దులెండి.

చలిమంట:

ఒక అడ్డప్రశ్న. ఇంత తలనొప్పి దేనికి? ఇప్పుడు బయటి గాలి నుంచే వేడి లాగే హీట్ పంపులు గడ్డకట్టే చలిలో కూడా బాగానే పనిచేస్తున్నాయి. కొండా వద్దు, బోరూ వద్దు. మా తమ్ముడి ఇంట్లో అదే.

పైపులమేస్త్రీ:

చలిమంట గారూ, లూప్ చచ్చిపోయి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇంత వాలులో కొత్త బోర్లకంటే అది మేలు కావచ్చు. కానీ బాగున్న లూప్ భూమిలో ఉండగా దాన్ని వదిలేయడం ఎందుకు? బయటి గాలి మైనస్‌లోకి వెళ్లిన రోజు కూడా లూప్ నీళ్లు దానికంటే వెచ్చగా ఉంటాయి. మనకు వేడి బాగా కావలసింది ఆ రోజే.

వాలుమీదిల్లు:

కొలిపించాను. లోపలికి వచ్చే నీళ్లు 3.8 డిగ్రీలు, బయటికి వెళ్లేవి 2.4. పట్టిక ప్రకారం పారుదల నిమిషానికి 42 లీటర్లు. పాత యజమానులు వదిలిన సర్వీసు పుస్తకం కూడా దొరికింది. మెషిన్ బాగున్న రోజుల్లో చలికాలం చివర లోపలికి వచ్చే నీళ్లు 0 నుంచి 1 డిగ్రీ మధ్య ఉన్నట్టు రాశారు. ఇది మంచికా చెడుకా?

పైపులమేస్త్రీ:

మంచికే. సెకనుకు 0.7 లీటర్లు, లీటరుకు డిగ్రీకి సుమారు 4 కిలోజౌళ్లు, తేడా 1.4 డిగ్రీలు. అంటే భూమి నుంచి 4 కిలోవాట్లకు కాస్త తక్కువే లాగుతోంది. బాగున్న 4 టన్నుల మెషిన్ 10 దాకా లాగాలి. లూప్ పెడుతోంది, మెషినే తినడం లేదు.

అయితే 3.8 చూసి మురిసిపోకండి. తక్కువ లాగుతున్నాం కాబట్టే నీళ్లు వెచ్చగా ఉన్నాయి. నాకు నమ్మకం ఇచ్చింది ఆ సర్వీసు పుస్తకం. పూర్తి లోడు మీద, చలికాలం చివర కూడా 0కి దిగువకు పోలేదంటే లూప్ 4 టన్నులకు సరిపడా ఉంది. 5 టన్నులది పెడితే ఆ లెక్క తప్పుతుంది. ఎక్కువ వేడి లాగితే పైపుల చుట్టూ మట్టి గడ్డకట్టడం మొదలవుతుంది. ఇంటికి ఎంత వేడి కావాలో గది గదికీ లెక్క వేయించి, 4 టన్నుల లోపే వేగం మార్చుకునే మెషిన్ చూడండి.

పాతదానికి గ్యాస్ నింపించే ఆలోచన ఉంటే మానుకోండి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాల్లో 2020 నుంచి కొత్త ఆర్-22 తయారీ దాదాపు ఆగిపోయింది. దొరికేది పాత మెషిన్ల నుంచి తీసి శుద్ధి చేసిన సరుకు. లీకయ్యే కాయిల్‌లో దాన్ని పోయడం దండగ.

మారుస్తున్నప్పుడు, లూప్ నీళ్లు గడ్డకట్టకుండా కలిపిన యాంటీఫ్రీజ్ ఏదో, ఎంత గాఢత ఉందో పరీక్ష చేయించండి. గ్లైకాల్ రకానికి వాడే రిఫ్రాక్టోమీటర్‌తో (గాఢత చూసే సాధనం) మిథనాల్ రకాన్ని కొలిస్తే తప్పు అంకె వస్తుంది, ముందు ఏది పోశారో తెలియాలి.

వాలుమీదిల్లు:

ధన్యవాదాలు అన్నా. ఒక్క సందేహం. మెషిన్ విప్పితే కింద ఉన్న నీళ్లన్నీ ఖాళీ అయిపోవా? బేస్‌మెంట్‌లోని రెండు వాల్వులూ పాతవి, తిప్పి ఏళ్లయింది.

పైపులమేస్త్రీ:

ఇక్కడ మీ వాలు మీకే మేలు చేస్తుంది. ఇల్లు పైన ఉంది కాబట్టి వాల్వు సరిగా మూసుకోకపోయినా ప్రెషర్ వదిలేదాకా కొంత నీరు, ఇంట్లోని పైపుల్లో ఉన్నది మాత్రమే పోతాయి. కిందిది కిందే ఉంటుంది. ఇల్లు కింద, లూప్ పైన ఉన్నవాళ్లకైతే బేస్‌మెంట్ చెరువయ్యేది. వాల్వులు బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకుండా కొత్తవి వేయించేయండి, ఎలాగూ పైపు కోసే పనే కదా. కానీ గాలి చేరేది కూడా మీ ఇంటి దగ్గరే, అదే ఎత్తైన చోటు. గాలి తోలేయడానికి నీళ్లు పైపులో సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి. మెషిన్ పంపుకు అంత సత్తా ఉండదు, గాలి తోలడానికి పెద్ద పంపున్న ఫ్లషింగ్ కార్ట్ తెస్తారో లేదో కొటేషన్‌లో రాయించుకోండి.