గడ్డి కోసే యంత్రానికి గ్రీజు గన్ను: ఏది కొనాలి, ఎలా వాడాలి?

ప్రశ్న (గుంటూరు):

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక విద్యాసంస్థ ఆవరణలోని పచ్చిక బయళ్ల నిర్వహణ నేను చూస్తున్నాను. మా దగ్గర కూర్చుని నడిపే లాన్ మోవర్ ఉంది. ముందు చక్రాల ఇరుసులకు, బ్లేడ్లు తిరిగే స్పిండిళ్లకు ప్రతి 25 గంటల పనికి ఒకసారి గ్రీజు కొట్టాలని దాని పుస్తకంలో ఉంది. ఇంతకాలం బయటి నుంచి మెకానిక్కును పిలిపించేవాళ్లం. క్రిందటిసారి ఆయన పని చేసి వెళ్లాక ఒక స్పిండిలు దగ్గర గ్రీజు కారి బెల్టు మీద పడింది. అందుకే ఇకపై ఈ పని మేమే చేసుకోవాలనుకుంటున్నాం. దుకాణంలో పిస్తోలు పిడి గన్ను, పొడవాటి మీట గన్ను, బ్యాటరీ గన్ను చూపించారు. వీటిలో ఏది తీసుకోవాలి, ఏ గ్రీజు వాడాలి, ఎన్ని పంపులు కొట్టాలి? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

సమాధానం (విజయవాడ, ఆటోనగర్):

నమస్కారమండీ. గన్ను కొనడానికి ముందు యంత్రం చుట్టూ తిరిగి, డెక్కు (బ్లేడ్లను కప్పి ఉండే రేకు తొడుగు) కిందికి వంగి చూసి, నిపిళ్లు (గ్రీజు లోపలికి ఎక్కించే చిన్న ముక్కులు) ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి దగ్గర చేయి పెట్టడానికి ఎంత చోటు ఉందో గమనించండి. మీకు ఏ గన్ను సరిపోతుందో తేలేది అక్కడే. మీట గన్నుకు రెండు చేతులూ కావాలి కాబట్టి, దాని మూతిని నిపిల్ మీద పట్టుకోవడానికి ఇంకొక మనిషి అవసరమవుతాడు. పిస్తోలు పిడి గన్నుకు మూరెడు రబ్బరు హోసు తగిలిస్తే ఒక చేత్తో మూతిని నిలిపి, రెండో చేత్తో పంపు కొట్టవచ్చు. మీ పనికి నేను దానినే సూచిస్తాను. బ్యాటరీ గన్ను రోజంతా గ్రీజు కొట్టే వర్క్‌షాపులకు మంచిదే కానీ, లోపల గ్రీజు నిండుతున్నప్పుడు ఎదురయ్యే బిగువు అందులో చేతికి తెలియదు.

ఆ బిగువు తెలియడం చాలా ముఖ్యమండీ. చేతి గన్నులలో మంచివి చదరపు అంగుళానికి 10,000 పౌండ్ల దాకా ఒత్తిడి పుట్టించగలవు. బేరింగు పక్కనుండే రబ్బరు సీలు అందులో చిన్న వంతుకే లొంగిపోతుంది. సీలు అంచు ఒకసారి తిరగబడితే గ్రీజు బయటికి, దుమ్మూ నీళ్లూ లోపలికి దారి చేసుకుంటాయి. వానాకాలంలో మన నల్లరేగడి బురద తడిగడ్డితో కలిసి డెక్కు కింద మందంగా అంటుకుంటుంది కనుక ఆ స్పిండిలు బేరింగు ఎక్కువకాలం బతకదు. మీ యంత్రంలో గ్రీజు కారిన చోట సీలు అంచు సరిగా ఉందో లేదో మొదట చూపించండి. బెల్టునూ, అది తిరిగే పుల్లీల గాడులనూ సబ్బునీటితో తుడిచి ఆరబెట్టండి, పెట్రోలు మాత్రం వాడవద్దు. బెల్టు గ్రీజులో బాగా నానిపోయి ఉంటే మార్చడమే మేలు.

ఎన్ని పంపులన్నది గన్నును బట్టి మారుతుంది. ఒక్క పంపుకు అర గ్రాము ఇచ్చేవీ ఉన్నాయి, గ్రాము దాటి ఇచ్చేవీ ఉన్నాయి. చిన్న తూనిక యంత్రం మీద కాగితం పరిచి, 10 పంపులు కొట్టి తూచి, వచ్చిన బరువును 10తో భాగించి ఆ అంకెను గన్ను మీదే రాసిపెట్టండి. మీ పుస్తకంలో చెప్పిన కొలతను దానితో సరిచూసుకోవచ్చు. కొలత చెప్పని చోట నెమ్మదిగా ఒక్కొక్క పంపే కొడుతూ, బిగువు తగలగానే గాని, అంచు దగ్గర కొత్త గ్రీజు కొంచెం కనిపించగానే గాని ఆపేయండి.

గ్రీజు విషయానికి వస్తే, యంత్రం పుస్తకంలో వేరే రకం చెప్పకపోతే లిథియం ఆధారిత, ఎన్.ఎల్.జి.ఐ. 2వ నంబరు గ్రీజు తీసుకోండి. ఆ నంబరు గ్రీజు ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. డబ్బా మీదే ఉంటుంది. రంగును చూసి కొనకండి, నీలమైనా ఎరుపైనా అది కలిపిన రంగు మాత్రమే. లిథియం గ్రీజు ఉన్న చోట పాలీయూరియా వంటి వేరే ఆధారం గల గ్రీజు కలిస్తే రెండూ పలచబడి కారిపోయే ప్రమాదం ఉంది.

అనుబంధ ప్రశ్న (గుంటూరు):

చాలా కృతజ్ఞతలండీ. మీరు చెప్పిన రకమే తీసుకున్నాం. డబ్బాలోని గ్రీజు నింపాక పంపు కొడితే ఏమీ రావడం లేదు. ఒక నిపిల్ అయితే గ్రీజును అసలు లోపలికి తీసుకోవడం లేదు. మా దగ్గరున్న, తోసుకుంటూ నడిపే చిన్న మోవర్‌కు కూడా ఇదే గన్ను వాడవచ్చా?

సమాధానం (విజయవాడ, ఆటోనగర్):

మొదటిది గాలి సమస్యేనండీ. విడి గ్రీజును గొట్టంలోకి లాగేటప్పుడు మధ్యలో గాలి చిక్కుతుంది. వెనుక కడ్డీ కొక్కెం విడిపించి స్ప్రింగును గ్రీజు మీదికి వదలండి. తల భాగాన్ని అర చుట్టు వదులు చేసి, గాలి వదిలే బొడిపె ఉంటే దానిని నొక్కి, గ్రీజు కనిపించేదాకా పంపు కొట్టి, తిరిగి బిగించండి. పని అయ్యాక కడ్డీని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, గన్నును నీడలో పడుకోబెట్టండి. స్ప్రింగు ఒత్తిడి మీదే వదిలేస్తే మన ఎండలకు గ్రీజులోని నూనె వేరుపడి కారుతుంది.

మొరాయించే నిపిల్‌ను గుడ్డతో తుడిచి, దాని నడినెత్తిన ఉన్న చిన్న గుండును సన్నని మేకు మొనతో నొక్కి చూడండి. కదలకపోతే ఊడదీసి, అదే మర (థ్రెడ్) ఉన్న కొత్త నిపిల్ బిగించండి. మూతి చేరని ఇరుకు చోట 45 లేదా 90 డిగ్రీల వంపు నిపిల్ వేయించుకోవచ్చు. గన్ను మూతి నిపిల్‌ను పట్టేసి ఊడి రాకపోతే నేరుగా లాగకుండా పక్కకు వంచండి.

తోసే మోవర్‌లలో చాలావాటికి నిపిళ్లే ఉండవు, బేరింగులు సీలు చేసి వస్తాయి. అలాంటి దానికి గన్ను అవసరం లేదు.

మరొక సభ్యుడి సూచన (విజయవాడ):

డెక్కు కింద చేయి పెట్టే ముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, స్పార్కు ప్లగ్గు వైరు ఊడదీయండి. హోసు చీలికలూ పగుళ్లూ పడి ఉంటే వెంటనే మార్చండి, పంపు కొట్టేటప్పుడు దానిని వట్టి చేత్తో పట్టుకోవద్దు. అంత ఒత్తిడిలో గ్రీజు సన్నని ధారగా చర్మంలోకి దూరితే పైకి చిన్న పోటులాగే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా అది అత్యవసర శస్త్రచికిత్స కావలసిన గాయం. కట్టు కట్టి ఇంటికి పంపకుండా, జరిగినదేమిటో వైద్యులకు స్పష్టంగా చెప్పి, ఆ మనిషిని అప్పటికప్పుడే ఆసుపత్రిలో చేర్పించండి.