కొత్త ఎస్‌యూవీలు తారు రోడ్డుకేనా? ఇసుక, రేగడి, పలుగురాళ్ల దారుల లెక్కతో చర్చ

పెన్నాగట్టు (నెల్లూరు)

సూటిగా అడుగుతుండా. ఇప్పుడొచ్చే ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ఎత్తుగా, బంపర్ కింద వెండిరంగు ప్లేటుతో, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్‌తో మొండి బండ్లలాగానే ఉండాయి. తీరా మైపాడు ఇసుకలోకి దిగినా, వాన పడ్డ రొయ్యల గుంట గట్టు ఎక్కినా, మామూలు కారు యాడ ఆగుద్దో ఇవీ ఆడే ఆగిపోతాయి. సీటు మెత్తదనం కోసం, హైవే మీద నిలకడ కోసం మట్టిలో నడిచే సత్తా వదులుకున్నారనేది నా వాదన.

పన్ను నిబంధనే చూడండి. 2022 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ ఎస్‌యూవీ అంటే ఏందో తేల్చింది. ఇంజను 1500 సీసీ దాటాల, పొడవు 4000 మిల్లీమీటర్లు దాటాల, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి బండి అడుగు ఎత్తు, 170 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ 170 ఖాళీ బండి కొలతేనని 2023 జూలైలో వివరణ ఇచ్చింది. నాలుగు చక్రాలకు పవర్ పోవాలనే మాట అందులో లేదు. ఖాళీ బండి కొలతతో మనకేం పని? ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేశాక వెనక భాగం ఎంత దిగుద్దో అదే అసలు కొలత.

సఫారీ సంగతి తీసుకోండి. 1998లో వచ్చిన సఫారీ ఛాసిస్ మీద కట్టిన బండి, అందులో ఫోర్ వీల్ డ్రైవ్ దొరికేది. 2021లో అదే పేరుతో వచ్చింది ముందు చక్రాల బండి. పేరు మిగిలింది, పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది.

కనిగిరి స్పానర్

అన్నా, మీ మాట సగం వరకే నిజం. రెండు జాతుల బండ్లను ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒకటి ఎత్తు పెంచిన కారు. రెండోది ట్రాన్స్‌ఫర్ కేసు, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో గేర్ ఉన్న బండి. థార్ ఫోర్ బై ఫోర్, జిమ్నీ, గూర్ఖా, హైలక్స్, మన పక్కనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్, ఇవన్నీ రెండో జాతి. షోరూమ్ నుంచి నేరుగా వచ్చే సత్తా ఎప్పుడు ఎక్కువ అని అడిగితే ఇప్పుడే అంటాను. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి, యాక్సిల్ రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ కంపెనీ ఇవ్వలేదు. గూర్ఖాకి ముందూ వెనకా రెండూ కంపెనీవే. థార్‌కి వెనక లాక్ వస్తోంది.

విడిగా ఛాసిస్ లేకుండా ఒకే చట్రంగా కట్టిన బాడీ, అదే మోనోకాక్, మట్టికి పనికిరాదనే మాట కూడా నిలవదు. 1984 జీప్ చెరోకీ ఆ పద్ధతిలో కట్టిందే, అయినా ముందూ వెనకా గట్టి యాక్సిళ్లతో రాళ్లెక్కింది. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 2016 దాకా ఛాసిస్ బండి, కంపెనీ చెప్పిన నీటి లోతు 500 మిల్లీమీటర్లు. ఛాసిస్ లేని కొత్త డిఫెండర్‌కి గాలి సస్పెన్షన్ పైకెత్తితే ఆ లోతు 900. ధర మన చేతికి అందదు, అది వేరే సంగతి. సుఖం వస్తే సత్తా పోతుందనే సూత్రం లేదని చెప్పడానికి ఇది చాలు.

ఎత్తు పెంచిన కారు ఎందుకు ఆగుతుందో అసలు కారణం ఇది. వదులు మట్టి మీద ఎగువకి ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది. పవర్ ముందు చక్రాలకి పోతుంది. పట్టు కావాల్సిన చోట బరువు ఉండదు, బరువున్న చోట పవర్ ఉండదు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే ఇంకా అన్యాయం. అక్కడ రేస్ పెంచితే గుంట తవ్వుకోవడమే.

చీమకుర్తి పది టైర్లు

కార్ల గొడవలో లారీల మాట కూడా వినండి. గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పర్లలో సుఖం, సత్తా రెండూ కలిసే పెరిగాయి. ఏసీ క్యాబిన్, ఊగే సీటు వచ్చాయి. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. దానివల్ల క్వారీ ర్యాంపు ఎక్కే బలం వీసమెత్తు తగ్గలేదు. షిఫ్టంతా నడుం అదిరితే డ్రైవర్ గేర్ తప్పు వేస్తాడు, దిగువలో బ్రేక్ ఎక్కువ తొక్కి డ్రమ్ములు కాలుస్తాడు. మంచి సీటు కూడా భద్రతలో భాగమే.

తేడా కొట్టేది కిందే. తారు మీద మెటీరియల్ తోలే బండికి మామూలు యాక్సిల్, పల్చటి పారాబోలిక్ కమాన్ కట్టలు చాలు, బరువు తగ్గి మైలేజ్ వస్తుంది. క్వారీలో దిగే బండికి వెనక రెండు యాక్సిళ్లూ బరువు పంచుకునే బోగీ సస్పెన్షన్, మందపాటి కట్టలు, హబ్ రిడక్షన్ యాక్సిల్ కావాలి. హబ్ రిడక్షన్‌లో ఆఖరి గేరు చక్రం దగ్గరే ఉంటుంది కాబట్టి మధ్యలో క్రౌన్ వీల్ మీద, యాక్సిల్ షాఫ్టుల మీద భారం తగ్గుతుంది, డిఫరెన్షియల్ డొప్ప చిన్నదై నేలకి ఎత్తు మిగులుతుంది. నష్టం కూడా చెప్పాలి. వేగం తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, నాలుగు హబ్బుల్లో ఆయిల్ విడిగా చూసుకోవాలి. కారు కొనేవాళ్లు ఏసీ చల్లదనం, స్క్రీన్ సైజు అడుగుతారు గానీ కింద యాక్సిల్ ఏమిటని అడగరు. అడగనిది కంపెనీ ఎందుకిస్తుంది?

ఒక జాగ్రత్త, టిప్పరైనా థారైనా. డిఫ్ లాక్ వేసి తారు మీద మలుపు తిప్పొద్దు. లోపలి చక్రం, బయటి చక్రం తిరగాల్సిన దూరాలు వేరు. లాక్ వాటిని ఒకటిగా తిప్పుతుంది, ఆ మెలి పోయే దారి లేక యాక్సిల్ షాఫ్ట్ విరుగుతుంది. మధ్య డిఫరెన్షియల్ లేని బండ్లలో ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాల పవర్) కూడా ఎండిన తారు మీద వాడకూడదు, కారణం అదే.

రొయ్యల గట్టు (విడవలూరు)

మా వైపు నూటికి తొంభై మందికి ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు సామీ, ఉన్నదున్నట్టు చెప్తుండా. మేత బస్తాలు దించే బొలెరో పికప్‌లు వెనక చక్రాలతోనే తిరుగుతుండాయి. బరువు వెనక చక్రాల మీద ఉంటే పట్టు దానంతటదే వస్తది. ఖాళీగా పోయేటప్పుడే జారుడు.

గట్ల మీద దెబ్బ తగిలేది పొట్టకి. గట్టు ఎక్కి అవతలికి వాలేటప్పుడు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య భాగం కూర్చుంటది. థార్ మూడు డోర్లది వీల్‌బేస్, అంటే ఆ చక్రాల మధ్య దూరం, 2450 మిల్లీమీటర్లు, అది దాటగల కోణం 27 డిగ్రీలు. ఐదు డోర్ల థార్ రాక్స్ వీల్‌బేస్ 2850, కోణం 23.9. ఒకే ఇంటి బండ్లు, వెనక సీటు సుఖం కోసం 400 మిల్లీమీటర్లు పెంచితే మూడు డిగ్రీలు పోయింది. పెన్నాగట్టు అన్న అడిగిన దానికి ఇంతకన్నా తేట లెక్క లేదు. సుఖానికి ధర కట్టారు, కానీ ఆ ధర చిన్నది, కుటుంబం ఉన్నోళ్లకి గిట్టుబాటే.

ఉప్పు నీళ్ల సంగతి మాత్రం ఎవురూ పట్టించుకోరు. గట్ల మీదా సముద్రం ఒడ్డునా తిరిగిన బండిని ఆ రోజే మంచి నీళ్లతో కింద నుంచి కడగాల. ఛాసిస్ డొల్లగా ఉంటది, లోపలికి గొట్టం పెట్టి కొట్టాల. బ్రేక్ కాలిపర్ పిన్నులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ముందు పట్టేస్తాయి.

పెన్నాగట్టు

లెక్క ఒప్పుకుంటుండా. జాతులు రెండనే మాట కూడా సరే. అయినా మట్టి బండ్లనబడేవి సైతం తారు వైపు జరుగుతుండాయనే మాట మీదే ఉండా.

జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్, కమాన్ కట్టలు. ఒక చక్రం రాయెక్కి పైకి పోతే యాక్సిల్ వాలి రెండో చక్రం నేలకి ఒత్తుకుంటది, డిఫరెన్షియల్ డొప్ప ఎత్తు పెద్దగా మారదు. ముందు చక్రాలు విడివిడిగా ఆడే సస్పెన్షన్‌లో ఆ సాయం లేదు. బండి బలంగా కుంగితే పొట్ట నేలకి దగ్గరవుద్ది. కొత్త థార్, కొత్త గూర్ఖా రెండింటికీ ముందు విడి సస్పెన్షనే. అందుబాటు ధరలో ముందు గట్టి యాక్సిల్ ఉండేది జిమ్నీనే. హైవే మీద స్టీరింగ్ నిలకడ కోసమేగదా ఈ మార్పు?

వెలిగొండ దారి (ఉదయగిరి)

మార్పు అందుకే, కాదనను. చక్రంతో పాటు ఎగిరే బరువు తగ్గితే ఎన్‌హెచ్-16 మీద నూరు వేగంలో బండి గుంటకి పక్కకి గెంతదు. జనం తిరిగేది ఎక్కువగా అక్కడే కాబట్టి ఆ బేరం నాకు న్యాయంగానే ఉంది. చక్రం కిందికీ పైకీ పోయే సాగుడు తగ్గినదాన్ని లాక్‌తో భర్తీ చేశారు. ఒక చక్రం గాల్లో తేలినా రెండోదానికి పవర్ పోతుంది.

నాకు కోపం తెప్పించేది టైరు. తారు సుఖానికి అసలు బలి ఇచ్చింది దాన్నే. టైరు గోడ ఎత్తు ఎవరికి వారు లెక్క కట్టుకోవచ్చు, వెడల్పుని రెండో అంకె శాతంతో గుణిస్తే చాలు. 195/80 ఆర్15 జిమ్నీ టైరుకి 156 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 బొలెరో టైరుకి 161. 215/60 ఆర్17 క్రెటా టైరుకి 129. రిమ్ము పెద్దది చేసి అందం పెంచారు, గోడ తగ్గించారు. గోడ తగ్గితే గాలి దించడానికి చోటుండదు, రాయి తగిలితే రిమ్ము సొట్టపోతుంది.

ఇసుకలో గెలిపించేది గాలి దించడమే. రోడ్డు మీద 33 నుంచి 35 పీఎస్‌ఐ ఉంటే, ఇసుక మొదలయ్యే ముందే 18కి దించాలి. కూరుకున్నాక దించితే సగం ఫలమే. టైరు పొడవునా పరుచుకుని బరువు పంచుతుంది. 14 కంటే తగ్గితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు, అందుకని స్టీరింగ్ ఒక్కసారిగా కొట్టొద్దు, 30 వేగం దాటొద్దు. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపాలి, లేకపోతే గోడ వేడెక్కి చీలుతుంది. పెద్ద గాలి మోటారుని సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలిస్తే ఫ్యూజ్ పోతుంది, బ్యాటరీకి క్లిప్పులతో పెట్టాలి.

కూరుకున్నప్పుడు చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే అదే క్షణం ఆపాలి. చక్రాల ముందూ వెనకా, డిఫరెన్షియల్ కిందా ఇసుక తీయాలి. తాటిమట్టలో కొబ్బరిమట్టలో చక్రం కిందకి దోపి, వచ్చిన గాడిలోనే రివర్స్‌లో నెమ్మదిగా రావాలి. ఇంకో బండితో లాగిస్తే తాడు ఛాసిస్ హుక్‌కి కట్టాలి. బంపర్‌లో మర బిగించే చిన్న రింగు తిన్నగా లాగడానికే, కుదుపుతో లాగితే అది తూటాలా ఊడొస్తుంది. తాడు పక్కన మనిషి నిలబడకూడదు.

సైదాపురం వైపు మైకా, పలుగురాయి గనుల దారుల్లో మాత్రం కథ తిరగబడుతుంది. పలుగు అంచు టైరు గోడని కోస్తుంది, గోడ కోతకి పంక్చర్ ప్లగ్గు నిలవదు. అక్కడ గాలి 26, 28 కంటే దించొద్దు, తారుకీ మట్టికీ కలిపి చేసిన ఏ/టీ టైర్లలో గోడ గట్టిగా ఉన్న రకం వేసుకోవాలి. స్పేర్ చిన్న సైజు ఇచ్చిన బండి అయితే ఆ దారే వద్దు.

దోర్నాల మలుపు

రెండు సంగతులు ఎవరూ ఎత్తలేదు.

ఒకటి, ఎలక్ట్రానిక్స్. తారు మీద ప్రాణం కాపాడే ట్రాక్షన్ కంట్రోల్ ఇసుకలో చక్రం జారగానే పవర్ కోసేస్తుంది. ఆ బటన్ ఆఫ్ చేయకుండా బండిలో సత్తా లేదని తిట్టడం తప్పు. జారే చక్రానికి బ్రేక్ పట్టి లాక్ పని చేయించే పద్ధతి రాళ్ల మీద బాగుంటుంది గానీ, పొడవాటి ఇసుకలో బ్రేకులు వేడెక్కిస్తుంది.

రెండోది డీజిల్ బండ్ల డీపీఎఫ్, అదే పొగ మసి ఫిల్టర్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక పొగలో మసిని ఫిల్టర్ పట్టి, తర్వాత 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తుంది. అది సాఫీగా కాలాలంటే హైవే మీద ఆగకుండా పోవాలి. గంటలకొద్దీ లో గేర్‌లో పాకితే మసి పేరుకుని దీపం వెలుగుతుంది. ఎండాకాలం నల్లమల అంచున ఎండుగడ్డి మీద ఆ వేడితో బండి ఆపితే నిప్పంటుకుంటుంది. మట్టి దారి తర్వాత అర్ధగంట హైవే మీద మూడో, నాలుగో గేర్‌లో నడపండి. తారు కోసం చేసిన బండి అని ఎక్కడైనా అనాల్సి వస్తే నేను దీన్నే చూపిస్తాను.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేని దారిలో బండి దింపకండి. మన తీరంలో చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదటి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ ఇసుక మీద చక్రం పోతే గూడు అణిగిపోతుంది, పిల్లలు గాడిలో పడి నీళ్లదాకా పోలేవు. సత్తా పరీక్షకి అది చోటు కాదు.

దర్శి రైతుబిడ్డ

అన్నలూ, చెలకకి మూడు కిలోమీటర్లు రేగడి బాట. మిగతా తిరుగుడంతా ఒంగోలు, పొదిలి తారు మీదే. కాంపాక్ట్ ఎస్‌యూవీ చాలా, ఫోర్ బై ఫోర్ కావాలా?

కనిగిరి స్పానర్

తమ్ముడూ, తడి రేగడి ఏ బండినీ గౌరవించదు. బంక టైరు గాళ్లలో నిండితే ఏ/టీ టైరు కూడా నున్నటి టైరైపోతుంది. బురద కోసం చేసిన, గాళ్లు వెడల్పున్న ఎమ్/టీ టైరే తిరుగుతూ బురద విదిలిస్తుంది, అయితే అది తారు మీద మోత పెడుతుంది, తడి తారు మీద బ్రేక్ దూరం పెంచుతుంది. ఏడాదిలో ఆ బాట తడిగా ఉండే రోజులు లెక్కపెట్టు. ఇరవై, ముప్పై రోజులే అయితే కాంపాక్ట్ తీసుకుని, ఆ రోజుల్లో బండి తారు అంచున ఆపి ట్రాక్టర్ మీద పో. మిగిలిన డబ్బుతో ఆ బాటకి నాలుగు ట్రిప్పుల గ్రావెల్ తోలించు. రోజూ తడిలో పోక తప్పదంటే లో గేర్ ఉన్న తేలిక బండి చూడు. రేగడిలో బరువున్న బండే ముందు దిగబడుతుంది.

కొనేముందు ఒక పని చెయ్. షోరూమ్ బండి కింద సెల్‌ఫోన్ లైటు వేసి చూడు. ఇంజను కింద ఇనుప ప్లేటా, ప్లాస్టిక్ తొడుగా? ముందు బంపర్ అడుగు అంచు చక్రానికి ఎంత ముందుకి పొడుచుకొచ్చింది? బయట కనిపించే హుక్ ఛాసిస్‌కి బిగించి ఉందా? ఆ మూడూ చూశాక ఏ మోడల్‌కి ఏముందో ఇక్కడే రాయి, టైరు సైజుతో సహా.